సుగ్గికి పోయినోళ్ళ పిల్లలు, వాళ్ళ బడి

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని తమ్ముళ్ళు అడిగారు. కవిత రాద్దామా అనుకున్నాం గానీ, కవితలు ఎలాగూ చాలా వస్తాయి. పీజీలో ఫీల్డ్ వర్క్ కోసం మేము ఒక సుగ్గి కాలమంతా ఒక సీజనల్ హాస్టల్‌లో పిల్లలతో పాటే ఉన్నాం. అమ్మానాన్నలు దగ్గర లేని పిల్లలకు బడి నడపడమంటే ఏమిటో అక్కడ కొంత తెలిసింది. ఆ తెలిసిందే ఇక్కడ రాస్తున్నాం.

సుగ్గి అంటే తెలియని వాళ్ళు మన హాస్టల్‌లో ఉండరు. అయినా హైదరాబాదులోనో బెంగుళూరులోనో స్థిరపడిన మన పూర్వ విద్యార్థుల పిల్లలు ఈ పుస్తకం తిరగేస్తారేమో, వాళ్ళ కోసం రెండు మాటలు. సుగ్గి కన్నడం నుంచి వచ్చిన మాట. అక్కడ పంట కోతల కాలాన్ని అలా అంటారు. మన పడమటి కర్నూలులో మాత్రం ఊరు విడిచి పనికి పోవడానికే ఆ పేరు స్థిరపడింది. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, హొళగుంద, ఆస్పరి, ఇటు మన మద్దికెర, తుగ్గలి దాకా ఎక్కువ భాగం వాన మీద ఆధారపడ్డ చేలే. దసరాకు మద్దికెరలో గుర్రాల పారువేట చూసి, దీపావళి దాటిందంటే మూటలు కట్టడం మొదలవుతుంది. పత్తి తీతకు, ఆ తర్వాత మిరప కోతకు గుంటూరు, పల్నాడు, ప్రకాశం వైపు పోతారు. మళ్ళీ ఉగాదికి ఇల్లు చేరతారు. లెక్క వేస్తే బడి సంవత్సరంలో దాదాపు సగం.

పిల్లల్ని ఎందుకు తీసుకుపోతారని పట్నంలో మాతో చదివినవాళ్ళు అడిగేవారు. ఇంట్లో అవ్వా తాతా లేకపోతే ఎవరి దగ్గర వదలాలి? చంటిబిడ్డను చేను గట్టున ఎవరు చూడాలి? పదేళ్ళ పిల్ల చేతులు కూడా కాయలు తెంపుతాయి గదా! ఎన్ని చేతులుంటే అన్ని కిలోలు.

మా ఇంట్లో డిగ్రీ దాటింది మేమే మొదలు. మాకన్నా మూడేళ్ళు పెద్దదైన మా అక్క మాకన్నా బాగా చదివేది. ఆరో తరగతిలో ఉండగా అమ్మానాన్నలతో సుగ్గికి పోయి, 2009 ఉగాదికి తిరిగొచ్చింది. బడికి పోతే రిజిస్టరులో పేరు లేదు. చాలా రోజులు రాలేదని కొట్టేశారు. మళ్ళీ చేరాలంటే ఆ కాయితం, ఈ కాయితం అన్నారు. మా నాయన రెండుసార్లు తిరిగి ఊరుకున్నాడు. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. వలస కుటుంబాల పిల్లల్ని బడిలో చేర్చే బాధ్యత స్థానిక ప్రభుత్వానిదేననీ, టీసీ ఆలస్యమైందని గానీ, వయసు కాయితం లేదని గానీ చేర్చుకోకుండా ఉండకూడదనీ అందులో ఉంది. వయసుకు తగిన తరగతిలోనే కూర్చోబెట్టి, వెనకబడిన పాఠాలకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని కూడా ఉంది. ఆ చట్టం మా అక్కకు ఒక్క సంవత్సరం ఆలస్యమైంది.

సీజనల్ హాస్టళ్ళు సర్వశిక్షా అభియాన్ కింద నడిచాయి. 2018లో ఆ పథకం సమగ్ర శిక్షలో కలిసింది. పద్ధతి చాలా సులువైనది. తల్లిదండ్రులు పోతారు, పిల్లలు ఊళ్ళోనే ఉంటారు. పగలు అదే బడి, అదే సార్లు. మధ్యాహ్న భోజనం మన రాష్ట్రంలో 2003 నుంచి ఎలాగూ ఉంది. మిగిలిన రెండు పూటల తిండి, రాత్రి పడుకునే చోటు, చూసుకునే మనిషి ఉంటే చాలు. ఈ "చాలు" అన్న మాట దగ్గరే అన్ని కష్టాలూ ఉన్నాయి.

మొదటిది తేదీ. హాస్టల్ తలుపు లారీ రాకముందే తెరవాలి. వారం ఆలస్యమైతే ఆ పిల్లలు అప్పటికే మిరపచేలో ఉంటారు. లారీ ఎక్కిన పిల్లవాణ్ణి వెనక్కి తేవడం ఎవరి తరం కాదు. మేము చూసిన ఊళ్ళో హాస్టల్ తెరిచేసరికి కొన్ని కుటుంబాలు వెళ్ళిపోయాయి. ఒక ఐదో తరగతి పిల్లవాడి పలక సంచి మాత్రం వాళ్ళింటి తాళం పక్కన మేకుకు వేలాడుతూ కనిపించింది.

రెండోది రాత్రి. చేరిన మొదటి వారం చిన్నపిల్లలు తెల్లవారుజామున నాలుగింటికే లేచి ఏడ్చేవారు. చలి అనుకుని దుప్పట్లు కప్పాం, దోమలు అనుకుని వేపాకు పొగ వేశాం. సంగతి కనిపెట్టింది మాత్రం వంటమ్మ. ఇంట్లో ఆ వేళకు అమ్మ లేచి జొన్నరొట్టెలు తడుతుంది. పుట్టినప్పటి నుంచి ఆ చప్పుడుతో నిద్రలేచిన పిల్లలు, ఆ చప్పుడు లేక లేచి ఏడుస్తున్నారు. ఆమె మరునాటి నుంచి నాలుగింటికే పొయ్యి రాజేసి రొట్టెలు తట్టడం మొదలుపెట్టింది. మెనూలో ఉన్నది ఉప్మా, ఉగ్గాని. జొన్నపిండి తన ఇంటి నుంచే తెచ్చుకుంది. నాలుగు రోజుల్లో ఏడుపులు తగ్గాయి. మా ఎం.ఎస్.డబ్ల్యూ. సిలబస్‌లో ఈ పాఠం లేదు.

ఆదివారం సాయంత్రం ఫోన్ల వంతు. మా ఫోను స్పీకరులో పెట్టి ఒక్కొక్కరికీ ఐదు నిమిషాలు. అవతల అమ్మకు ఛార్జింగు దొరికితే మాట కలుస్తుంది, లేకుంటే ఆ పిల్ల ఆ రాత్రి అన్నం తినదు. అందుకని మేస్త్రీల నంబర్లన్నీ ఒక నోటుబుక్కులో రాసిపెట్టుకున్నాం. గజ్జి, పేలు, జ్వరాల సంగతి మన హాస్టల్ వాళ్ళకు కొత్తగా చెప్పేదేముంది!

ఇదంతా చూశాక టిబెటన్ల బడుల గురించి చదివితే మాకు చాలా దగ్గరగా అనిపించింది. చలికాలంలో మన ఊళ్ళకు స్వెట్టర్లు అమ్మడానికి వచ్చే టిబెటన్లను అందరం చూసే ఉంటాం. 1959లో దలైలామాతో పాటు, ఆయన వెనకా వేలమంది టిబెట్ విడిచి మన దేశానికి వచ్చారు. వాళ్ళలో చాలామందికి మొదట దొరికిన పని కొండల్లో రోడ్డు కూలి. రోడ్డు పక్క గుడారాల్లో పిల్లలు జబ్బుపడ్డారు. 1960 మే 17న జమ్మూ దగ్గరి రోడ్డు పని శిబిరాల నుంచి 51 మంది పిల్లలను ధర్మశాలకు తెచ్చారు. దలైలామా అక్క సెరింగ్ డోల్మా వాళ్ళ బాధ్యత తీసుకుంది. మొదట అది పిల్లల్ని బతికించుకునే చోటు, పలకా బలపం ఆ తర్వాతి సంగతి. 1964లో ఆమె చనిపోయాక చెల్లెలు జెత్సున్ పెమా దాన్ని నలభై ఏళ్ళకు పైగా నడిపింది. అదే టిబెటన్ బాలల గ్రామంగా పెరిగింది. అక్కడ పిల్లలు పొడుగాటి డార్మిటరీల్లో గాక ఇళ్ళుగా ఉంటారు. ఒక్కో ఇంటికి ఒక అమ్మ. మా వంటమ్మ తనంతట తాను కనిపెట్టింది వాళ్ళు పద్ధతిగా పెట్టుకున్నారు.

1961లో మన కేంద్ర ప్రభుత్వం టిబెటన్ పిల్లల కోసం ప్రత్యేకంగా ఒక పాఠశాలల సంస్థను పెట్టింది. కర్ణాటకలో బైలకుప్పెలో, హుబ్లీకి దగ్గరున్న ముండగోడులో వాళ్ళ కాలనీలు ఉన్నాయి. అక్కడి పెద్దలు స్వెట్టర్ల మూటలతో ఊళ్ళు తిరిగే నెలలూ, మనవాళ్ళు సుగ్గికి పోయే నెలలూ దాదాపు ఒకటే! వాళ్ళ పిల్లల్లో చాలామంది ఆ కాలంలో కాలనీ బడుల్లోనే ఉండి చదువుకుంటారు.

వాళ్ళు గట్టిగా పట్టుకున్న ఇంకో విషయం భాష. హిందీ, ఇంగ్లీషు నేర్పుతూనే టిబెటన్ వదల్లేదు. ఇది మనకెందుకంటారా? హొళగుంద, కౌతాళం వైపు కన్నడ మీడియం బడులున్నాయి. అక్కడ కన్నడంలో చదివే పిల్ల గుంటూరు జిల్లా చేలకు పోతే, పక్క ఊరి బడిలో చేర్చుకున్నా తెలుగు పుస్తకం ముందు కూర్చోవాలి. బెంగుళూరు భవనాల పనికి పోయిన మన తెలుగు పిల్లలది దీనికి తలకిందులు. హైదరాబాదు చుట్టూ ఇటుక బట్టీల్లో పనిచేసే ఒడిశా కూలీల పిల్లలకు బట్టీల దగ్గరే ఒడియా బడులు పెట్టి, ఒడిశా నుంచి పుస్తకాలు, టీచర్లను రప్పించిన సందర్భాలున్నాయి. తిరిగిపోయాక వాళ్ళ ఊరి బడిలో అదే పాఠం అందుకోవాలంటే అదొక్కటే దారి. అయితే బట్టీ పక్క బడికి దుమ్ము, పొగ, రాత్రి పనికి లేచే అలవాటు తప్పవు. అమ్మ దగ్గర ఉంటుంది, చదువు చెదురుతుంది. మన సీజనల్ హాస్టల్‌లో చదువు నిలుస్తుంది, అమ్మ ఉండదు. రెంటిలో ఏది మేలు అంటే మేము సీజనల్ హాస్టల్ వైపే ఉంటాం, కానీ ఆ నాలుగు గంటల ఏడుపు విన్నాక అంత ధైర్యంగా చెప్పలేం.

పోయిన సుగ్గికి మా అక్క, బావ కూడా బయలుదేరారు. వాళ్ళ పెద్దవాడు రెండో తరగతి. సీజనల్ హాస్టల్‌లో వదలమని మేము పది రోజులు పోరాడాం. చట్టం చెప్పాం, రిజిస్టరులో పేరు పోదని చెప్పాం, గుడ్డు పెడతారని కూడా చెప్పాం. మా అక్క అన్నీ విని, "తెల్లారుజామున లేచి ఏడిస్తే ఎవరు చూస్తార్రా?" అంది.

మేము వంటమ్మ పేరు చెప్పాం. మా అక్క వానితో పాటు ఒక డబ్బా జొన్నపిండి కూడా తెచ్చి ఆమెకు ఇచ్చి పోయింది.