డిక్కీలో గొడ్డలి: అవసరమెంత, అనుమతి ఎక్కడ

అడవి దారుల్లో కారు వేసుకుని వెళ్లి, గుడారం వేసుకుని రాత్రి గడిపే అలవాటు బాగా పాతుకుపోయిన అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో పార, నీళ్ల డబ్బాతో పాటు గొడ్డలిని కూడా బండిలో పెట్టుకోవడం చాలాకాలంగా ఆనవాయితీ. దారికి అడ్డంగా పడిన కొమ్మను తొలగించడానికి, నెగడుకు కట్టెలు చీల్చడానికి అది పనికొస్తుందని ఎవరికైనా తెలుసు. అయితే నెగడు అదుపు తప్పినప్పుడు మంట పాకకుండా ఆపడం దాని మూడో ఉపయోగం. కారుచిచ్చు భయం ఎక్కువగా ఉండే ఎండాకాలంలో అక్కడి అటవీ అధికారులు కొన్ని ప్రాంతాలకు వచ్చే వాహనాల్లో ఇలాంటి పనిముట్లు ఉండి తీరాలని నిబంధన పెట్టడానికి మూలం ఈ ఉపయోగమే.

1910 ఆగస్టు 20, 21 తేదీల్లో ఐడహో, మోంటానా, వాషింగ్టన్ రాష్ట్రాల్లో చెలరేగిన కారుచిచ్చు దాదాపు 30 లక్షల ఎకరాల అడవిని బూడిద చేసింది. ఐడహోలోని వాలెస్ పట్టణం దగ్గర ఎడ్ పులాస్కీ అనే అటవీ రేంజరు తన వెంట ఉన్న నలభైమందికి పైగా కూలీలను పాత గని సొరంగంలోకి నడిపించి, వారిలో ఎక్కువమంది ప్రాణాలు కాపాడాడు. ఒకవైపు గొడ్డలి వాదర, రెండోవైపు నేలను గీకే పార అంచు ఉండే పనిముట్టు ఆ తర్వాతి ఏళ్లలో ఆయన పేరుతోనే వ్యాప్తిలోకి వచ్చి, నేటికీ అగ్నిమాపక దళాల చేతుల్లో కనిపిస్తుంది. గొడ్డలి వైపుతో పొదలను, వేళ్లను నరికి, పార వైపుతో ఎండుటాకులను, గడ్డిని గీకి పారేస్తే ఉత్త మట్టి బయటపడుతుంది. ఆ మట్టి చారలో కాలడానికేమీ మిగలదు కనుక నేల మీద పాకే మంట దాన్ని దాటలేక అక్కడే ఆగుతుంది.

కారులో పెట్టుకునే గొడ్డళ్లలో జానెడున్నర పొడవుండే చేగొడ్డలి అతి చిన్నది, చెట్లు నరకడానికి వాడే రెండు మూరల గొడ్డలి అతి పెద్దది, ఈ రెంటికీ నడుమ 50 నుంచి 65 సెంటీమీటర్ల రకం ప్రయాణాలకు అనువైనది. కామ పొడవు పెరిగేకొద్దీ దెబ్బ వేగం పెరుగుతుంది, వేగం రెట్టింపయితే దెబ్బలోని శక్తి నాలుగింతలవుతుంది కనుక, పొడవైన గొడ్డలితో తక్కువ దెబ్బలు సరిపోతాయి. చిన్నది కదా అని చేగొడ్డలిని తేలికగా తీసుకోవడం పొరపాటు. పెద్ద గొడ్డలి గురి తప్పితే సాధారణంగా ముందున్న నేలలో దిగబడుతుంది గానీ, నిలబడి కొట్టినప్పుడు చేగొడ్డలి గురి తప్పితే నేలను చేరకముందే మోకాలి మీదికో ముంగాలి మీదికో వస్తుంది. అందుకే దానితో పని చేసేటప్పుడు మోకాళ్ల మీద కూర్చుని, కట్టెను మొద్దు మీద ఆనించి కొట్టాలని అనుభవజ్ఞులు చెబుతారు.

గొడ్డలి విలువ నిజంగా తెలిసేది వాన పడిన మర్నాడు. బెరడు తడిసి నీరు కారుతున్న దుంగకు ఎన్ని అగ్గిపుల్లలు గీసినా అంటుకోదు గానీ, దాన్ని నిలువునా నాలుగు చెక్కలుగా చీలిస్తే లోపలి పొడి చెక్క బయటపడుతుంది. ఆ భాగం నుంచి సన్నని పుల్లలు తీసి ముందు వాటిని రాజేస్తే, తడి కట్టెలు కూడా క్రమంగా ఆరి మండుతాయి. అయితే కట్టెలను ఇంటి నుంచి దూరప్రాంతాలకు మోసుకుపోవడం అమెరికాలో చాలాచోట్ల నిషిద్ధం. ఆసియా నుంచి వచ్చి, 2002లో మిషిగన్ రాష్ట్రంలో బయటపడిన ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పచ్చని పెంకు పురుగు, దాని పిల్లపురుగులు బెరడు కింది పొరను తినేయడం వల్ల, కోట్లాది యాష్ చెట్లను చంపింది. అది కొత్త ప్రాంతాలకు చేరడంలో వంటచెరకు రవాణాకు పెద్ద పాత్ర ఉందని తేలడంతో, విడిది చేసేచోటే కట్టెలు కొనుక్కోవాలన్న నియమం బలపడింది.

బండిలో గొడ్డలిని ఉంచే తీరుకు కూడా పద్ధతి ఉంది. వాదరకు తోలు తొడుగు వేసి, డిక్కీలో బరువైన సామాను కింద కదలకుండా బిగించకపోతే, సడన్ బ్రేకు పడినప్పుడు అది ముందుకు దూసుకొస్తుంది. ఎండలో నిలిపిన కారు డిక్కీలో వేడికి చెక్క కామ ఎండి కుంచించుకుపోతుంది కనుక గొడ్డలి తల వదులవుతుంది. దాన్ని నీళ్లలో నానబెడితే చెక్క ఉబ్బి అప్పటికి బిగిసినట్టు కనిపించినా, ఆరిన తర్వాత మునుపటికంటే వదులవుతుంది. కామకు అప్పుడప్పుడు అవిసె నూనె పట్టించడం, వాడే ముందు చీల గట్టిగా ఉందో లేదో చూసుకోవడం, మొద్దుబారిన వాదరను సానరాయితో పదును పెట్టడం వీటికి విరుగుడు.

చట్టం మాత్రం ఒక్కో దేశంలో ఒక్కో తీరుగా ఉంటుంది. బ్రిటన్‌లో 1988 నాటి క్రిమినల్ జస్టిస్ చట్టం ప్రకారం సరైన కారణం చూపలేకపోతే బహిరంగ స్థలంలో పదునైన పనిముట్టు వెంట ఉండటమే నేరం. భారతదేశంలో ఇంటిపనికి, సేద్యానికి మాత్రమే ఉద్దేశించిన వస్తువులను 1959 ఆయుధాల చట్టం ఆయుధాలుగా లెక్కించదు గానీ, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 31వ సెక్షన్ రాతపూర్వక అనుమతి లేకుండా అభయారణ్యంలోకి ఆయుధంతో ప్రవేశించడాన్ని నిషేధిస్తుంది. జంతువును గాయపరచగల ఏ పరికరమైనా ఆ చట్టం దృష్టిలో ఆయుధమే. శ్రీశైలం దారిలో నల్లమల దాటేవారికి ఈ సంగతి తెలిసి ఉండాలి. ఎర్రచందనం దొంగల కోసం ప్రత్యేక దళాలు గాలించే శేషాచలం ప్రాంతంలోనైతే, డిక్కీలో గొడ్డలి దొరికిన ప్రయాణికుడు సంజాయిషీ చెప్పుకోక తప్పదు.

కాబట్టి గొడ్డలి పెట్టుకోవడమా మానడమా అన్నది వెళ్లే అడవిని బట్టి తేల్చుకోవాలి. నెగడుకు అనుమతి, కట్టెలు చీల్చే అవసరం రెండూ ఉన్నచోట మధ్యరకం గొడ్డలి సాయపడుతుంది. అడ్డం పడిన కొమ్మలను కోయడానికే అయితే మడిచే రంపం చాలు, పైగా అది గురి తప్పే పనిముట్టు కాదు. మన అభయారణ్యాల గుండా వెళ్లేటప్పుడు మాత్రం గొడ్డలిని ఇంట్లోనే ఉంచి, దారిలో చెట్టు పడితే చెక్‌పోస్టు సిబ్బందికి కబురు పెట్టడం మేలు.