సగం గొంతుతో సాధన

ఒపేరా రిహార్సల్‌ను మొదటిసారి చూసేవాళ్లకు కాస్త నిరాశే. హాలు దద్దరిల్లేలా పాడుతుందని పేరున్న గాయని అక్కడ గొణుగుతున్నట్టు పాడుతుంది. తారస్థాయి స్వరాలు వచ్చేసరికి కింది స్థాయికి దిగిపోతుంది. బద్ధకమేమీ కాదు. నిండు ఆర్కెస్ట్రాను దాటుకుని, మైకు లేకుండా చివరి వరుస దాకా వినిపించాల్సిన గొంతు అది. న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపేరాలో సీట్లు సుమారు 3,800. రోజూ గంటలకొద్దీ పూర్తి గొంతు పెడితే ప్రదర్శన నాటికి ఏం మిగులుతుంది? ఈ పొదుపుకు వాళ్లు పెట్టుకున్న పేరు ‘మార్కింగ్’.

మొదట్లో ఆర్కెస్ట్రా కూడా ఉండదు. దాని పనంతా ఒక్క పియానోదే. సెట్టూ ఉండదు, నేల మీద అంటించిన రంగు టేపులే గోడలూ మెట్లూ. గాయకులూ వాద్యబృందమూ తొలిసారి కలిసే రోజును ‘జిట్స్‌ప్రోబె’ అంటారు. ఆ రోజు వేషాలుండవు, నటన ఉండదు, పాటే.

మన పద్యనాటకాల్లో ప్రాంప్టర్ సైడ్‌వింగు చాటున నిలబడతాడు. చాలా ఒపేరా హాళ్లలో వేదిక ముందంచునే అతనికో గూడు ఉంటుంది, ప్రేక్షకులకు మాత్రం కనిపించడు. గాయకుడు నోరు తెరవడానికి ఒక క్షణం ముందే తొలి మాట అందించాలి కాబట్టి సంగీతం బాగా తెలిసినవాడికే ఆ పని.

ఇలా దాచుకోవాల్సిన సగం గొంతునే అసలు ప్రదర్శనలో కోరినవాడు స్వరకర్త వెర్ది. 1847లో ఫ్లోరెన్స్‌లోని పెర్గోలా థియేటర్లో ఆయన ఒపేరా ‘మాక్‌బెత్’ తొలి ప్రదర్శన. రాజును చంపి వచ్చిన మాక్‌బెత్, అతని భార్య పాడే యుగళగీతం చాలావరకు అణచిపెట్టిన గొంతుతోనే సాగాలని స్వరప్రతిలో రాశాడు. పాడినట్టు కాదు, మాట్లాడుకున్నట్టు ఉండాలన్నది ఆయన పట్టు. అందుకోసం నూటయాభైకి పైగా సార్లు సాధన చేయించాడని లేడీ మాక్‌బెత్ పాత్రధారిణి బార్బియెరీ నీని తర్వాత గుర్తుచేసుకుంది. ఆ లెక్క కాస్త పెరిగి ఉండొచ్చు గానీ మనిషి మొండితనం మాత్రం నిజమే. ఆఖరి రిహార్సల్ రాత్రి, ఆహ్వానితులు హాల్లో ఎదురుచూస్తుండగానే, వేషాల మీద కోట్లు తొడిగించి ఇద్దర్నీ బయటి గదిలోని పియానో దగ్గరికి నడిపించాడట. ఇప్పటికే నూటయాభై సార్లు అయిందని మాక్‌బెత్ పాత్రధారి వరేజీ విసుక్కుంటే, అరగంటలో నూటయాభై ఒకటి అవుతుందన్నాడట వెర్ది.

మరుసటి ఏడాది నేపుల్స్‌లో లేడీ మాక్‌బెత్ పాత్రకు తదోలీని అనే గాయనిని అనుకున్నప్పుడు ఆయన అభ్యంతరం చెబుతూ ఉత్తరం రాశాడు. ఆమె మరీ చక్కగా పాడుతుందట; తనకు కావలసింది బిరుసైన, ఉక్కిరిబిక్కిరైన, చీకటి గొంతు.