కొంగ నిలబడ్డ లోతు

పక్షుల్ని చూడాలంటే నేలపట్టుకో కొల్లేరుకో పోవాలనుకుంటాం. ఊరి చెరువులో ఒంటికాలి మీద నిలబడ్డ తెల్లకొంగను మాత్రం లెక్కలో వేసుకోం. పైగా దొంగభక్తికి కొంగజపం అని పేరు పెట్టాం. కానీ చెరువు ఆరోగ్యం తెలుసుకోవడానికి దూరదేశపు అతిథి కన్నా ఈ రోజువారీ పక్షే ఎక్కువ అక్కరకొస్తుంది. కొంగ బాతులా ఈదుతూ మేయదు, నీటికాకిలా మునిగి చేపను పట్టదు. కాళ్ళు ఎంత పొడవో అంత లోతులోనే దాని వేట. కాబట్టి కొంగ నీళ్ళలో నిలబడి మేస్తున్న చోట చెరువుకు ఏటవాలు అంచు ఇంకా మిగిలి ఉన్నట్టే.

తెల్లగా ఉన్నదల్లా ఒకటే కొంగ కాదు. మన చెరువుల దగ్గర మామూలుగా నాలుగు రకాలు కనిపిస్తాయి. దాదాపు మీటరు ఎత్తుండి, మెడలో స్పష్టమైన వంకరతో, నోటిగీత కన్ను దాటి వెనక్కి పోయేది పెద్ద తెల్లకొంగ. ఆ గీత కంటి కిందే ఆగిపోయి, పసుపు ముక్కు కొన నల్లగా ఉంటే మధ్యరకం. ఈ రెంటినీ విడదీయడం కాస్త కష్టమే. నల్లముక్కు, నల్లకాళ్ళు, పసుపు పాదాలతో ఉండే చిన్న తెల్లకొంగను మాత్రం పిల్లలైనా పోల్చుకుంటారు. అది ఒక పాదాన్ని బురదలో వణికిస్తూ దాక్కున్న జీవాల్ని కదిలించి పొడుస్తుంది. నాలుగోది గేదెల వెంటా ట్రాక్టర్ల వెంటా తిరిగే పశువుల కొంగ. గొడ్డు అడుగు వేస్తే లేచే మిడతలే దానికి తిండి. ఒంటరిగా వెతుక్కునే కన్నా తక్కువ అడుగులతో ఎక్కువ మేత దొరుకుతుంది. 1783లో డచ్చి శాస్త్రవేత్త బొడ్డార్ట్ దీనికి పెట్టిన పేరులో మన కోరమాండల్ తీరం ఉంది. జతకట్టే కాలంలో దాని తల, మెడ నారింజ రంగుకు తిరుగుతాయి. అదే కాలంలో పెద్ద తెల్లకొంగ పసుపు ముక్కు నల్లబడుతుంది. కాబట్టి ముక్కు రంగొక్కటే చూసి పేరు చెప్పకూడదు.

ఇప్పుడు ఆ అంచు సంగతి. తెలంగాణలో చెరువు శిఖం అంటారు. వానలకు మునిగి, వేసవిలో తేలే నేల అది. అక్కడ నీళ్ళు పలచన కాబట్టి ఎండ అడుగుదాకా దిగుతుంది. నాచు పెరుగుతుంది, పురుగులు, చేపపిల్లలు, తోకకప్పలు అక్కడే తలదాచుకుంటాయి. ఏడాదిలో సగం ఎండి కనిపిస్తుంది కనుక ఆక్రమణ మొదలయ్యేదీ అక్కడే. ఆక్రమణ లేని చోట సుందరీకరణ వస్తుంది. పూడిక ఎత్తి, అంచును నిలువుగా కోసి, రాళ్ళు పరిచి, పైన నడకదారి వేస్తారు. నీళ్ళు తళతళలాడతాయి, కొంగ మాత్రం దిగలేక రాతికట్టు మీద కూర్చుంటుంది. కొల్లేరులో ఇదే కథ పెద్ద ఎత్తున జరిగింది. సహజంగా లోతు తక్కువైన ఆ సరస్సును 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడినేలల రామ్‌సర్ జాబితాలో చేర్చారు. అయినా గట్లు కట్టి లోతు చేపల చెరువులుగా మార్చడం ఆగలేదు, 2006లో వాటిని కూల్చే పని పెట్టుకోవాల్సి వచ్చింది.

మురుగుకాలవలోనూ కొంగ నిలబడుతుంది కదా, అది ఆరోగ్యానికి గుర్తెలా అవుతుందని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. పశువుల కొంగ చెత్తకుప్పల మీద ఈగల్నీ ఏరుకుంటుంది. నీళ్ళ శుభ్రతకు కొంగ పూచీ ఇవ్వదు, లోతుకూ మేతకూ మాత్రమే ఇస్తుంది. నీళ్ళు మంచివో కావో పరీక్షలు చెబుతాయి, కానీ అంచు ఉందో లేదో ఏ పరీక్షా చెప్పదు. అందుకే ఎన్ని కొంగలని కాక ఏ రకం ఎన్ని అని రాసుకోవాలి. అన్నీ పశువుల కొంగలే అయి, చేపల మీద బతికే పెద్దది ఏళ్ళ తరబడి కనిపించకపోతే చెరువులో ఏం మారిందో అడగాల్సిందే. ఒక్కరోజు చూపుతో ఏదీ తేలదు. 1987 నుంచి ఏటా జనవరిలో సాగుతున్న ఆసియా నీటిపక్షుల గణనకు విలువ వచ్చింది ఏటేటా చేయడం వల్లే. చేపల రైతుల ఫిర్యాదునూ కొట్టిపారేయలేం. చేపపిల్లల్ని పెంచే తొట్లలో కొంగ నష్టం నిజమే, దానికి వల కప్పుకోవాలి. లోతైన చెరువు నడుమ అది నిలబడలేదు.

ఎక్కడపడితే అక్కడ కనిపించేదాన్ని చూడటమెందుకనేది ఇంకో మాట. పంతొమ్మిదో శతాబ్దం చివర యూరప్ స్త్రీల టోపీల కోసం కొంగ ఈకలు బంగారం తూకానికి మించి అమ్ముడుపోయాయి. ఆ ఈకలు వచ్చేది జతకట్టే కాలంలోనే కనుక గూళ్ళ దగ్గరే చంపేవారు, పిల్లలు ఆకలికి చచ్చేవి. 1889లో ఇంగ్లండులో స్త్రీలే దీనికి ఎదురుతిరిగి సంఘం పెట్టారు. 1902లో బ్రిటిష్ ఇండియా నుంచి ఈకల ఎగుమతిని నిషేధించారు. అప్పటిదాకా అవీ ఎక్కడపడితే అక్కడ కనిపించిన పక్షులే.

చూడటానికి దుర్భిణీ ఉంటే మేలు, లేకపోతే ఒకే చెరువు, ఒకే చోటు చాలు. సంక్రాంతి నాటికి పెద్ద తెల్లకొంగ నిలబడ్డ చోట మాఘం దాటేసరికి చిన్నది తిరుగుతుంటుంది. ఎండలు ముదిరి నేల తేలాక అక్కడే గేదెలు, వాటి కాళ్ళ మధ్య పశువుల కొంగలు. తొలకరి తర్వాత ఈ వరస వెనక్కి తిరుగుతుంది, శిఖంలోకి నీళ్ళు వస్తే.