కొత్త ఉప్పునీటి చెరువు: నీటి తిరుగుడు కుదిరితేనే నేల శుభ్రం

ఎకరం చెరువు కొత్తగా తవ్వించారు. ఏరియేటర్లు దింపారు, వెనామీ పిల్ల వదిలారు. నెలన్నర వరకూ అంతా బాగానే సాగింది. ఒక తెల్లవారుజామున చూస్తే రొయ్యలు గట్టు వెంట చేరి పైపైన తిరుగుతున్నాయి. చెక్ ట్రేలో మేత అలాగే మిగిలింది. ఇలాంటప్పుడు మందుల షాపుకి పరుగెత్తకండి. ముందుగా ఒక వెదురు కర్ర తీసుకుని చెరువు మధ్యన పొడిచి చూడండి. కర్ర జానెడు లోతు మెత్తటి బురదలోకి దిగిపోయి, బయటికి తీస్తే కుళ్ళిన కోడిగుడ్డు వాసన వస్తోందా? అయితే లోపం పిల్లలో లేదు, మేతలో లేదు. నేలని, నీటి తిరుగుడుని పట్టించుకోకపోవడంలో ఉంది.

పాత చెరువు కంటే కొత్త చెరువులో ఈ బెడద ఎక్కువ. కొత్త గట్టు ఇంకా గట్టిపడి ఉండదు. అడుగు మట్టి కుదురుకోదు. ఏరియేటరు విసిరే నీరు తగిలిన చోటల్లా మట్టి కోసుకుపోతుంది. కోసిన మట్టి, ఇసుక నీటితో పాటు తిరిగి తిరిగి నీరు నెమ్మదించే మధ్య భాగంలో దిగుతాయి. మధ్యలో పేరుకున్న కుప్ప అంతా మేత, రెట్ట అని చాలామంది రైతులు అనుకుంటారు. నిజానికి అందులో ఎక్కువ పాలు మన గట్టు మట్టే. రెట్ట, మిగిలిన మేత, చచ్చిన నాచు ఆ మట్టిలో కలిసి కుళ్ళుతాయి. అందుకే గట్టు కోత ఆపగలిగితే బురదలో సగం బాధ తగ్గినట్టే.

ముందు నేల సంగతి తెలుసుకోండి

మన డెల్టాలో నేల అంతటా ఒకటి కాదు. భీమవరం, మొగల్తూరు వైపు బంకమట్టి ఎక్కువ. అంతర్వేది, ఓడలరేవు, ఉప్పాడ తీరం వెంబడి ఇసుక పాలు ఎక్కువ. బంకమట్టి నీటిని నిలుపుతుంది. ఇసుక నేల నీటిని నిలపదు. ఇక్కడ పోయేది మీ డీజిలు ఖర్చు ఒక్కటే కాదు. ఊటగా దిగిన ఉప్పునీరు పక్క రైతు వరి చేలోకి, తాగునీటి బావిలోకి చేరుతుంది. చేను చౌడు బారితే ఆ నష్టం ఒక పంటతో తీరేది కాదు.

నేలని పరీక్షించడానికి ఖర్చు అక్కర్లేదు. రెండడుగుల లోతు నుంచి మట్టి తీసి, కాస్త తడిపి, గుప్పిట పట్టినంత ముద్ద చేయండి. రెండడుగులు పైకి ఎగరేసి పట్టుకోండి. ముద్ద విచ్చిపోతే ఇసుక ఎక్కువన్న మాట. నిలిస్తే రెండో పరీక్ష చేయండి. నడుం లోతు గొయ్యి తవ్వి పొద్దున్నే నిండా నీళ్ళు పోయండి. సాయంత్రానికి కొంత ఇంకుతుంది. మళ్ళీ నింపి ఆకులు కప్పండి. మర్నాటి ఉదయానికి చాలా భాగం నిలిచి ఉంటే ఆ నేల పనికొస్తుంది. నీటి మట్టం పైనే ఉండి గొయ్యిలో నీరు దానంతట అదే ఊరే చోట మాత్రం ఈ రెండో పరీక్ష చెల్లదు.

ఇసుక నేలలో తప్పనిసరిగా చెరువు పెట్టాల్సి వస్తే గట్టు నడుమ బంకమట్టితో గోడలా కట్టించాలి. మట్టిని అర అడుగు పొరలుగా వేసి, తడిపి, తొక్కించాలి. లోపలి వాలు బంకమట్టికి ఒకటికి ఒకటిన్నర నుంచి రెండు ఉంటే చాలు. ఇసుక గట్టుకి ఒకటికి రెండున్నర, మూడు దాకా ఇవ్వాలి. నిటారు గట్టు కట్టి స్థలం మిగిలిందనుకుంటే, అదంతా జారి చెరువులోకే వస్తుంది. చెరువు మూలల్ని గుండ్రంగా తీయించండి. పలక మూలల్లో నీరు నిలిచి చెత్త చేరుతుంది.

నీరు పెట్టకముందే మట్టి పీహెచ్ పరీక్ష చేయించి, అవసరమైన మేరకే సున్నం వేయండి.

కాలువ నీరు నేరుగా వద్దు

పోటు మీద నీరు తోడుకోవడం మనకి అలవాటే. కానీ గోదావరికి వరద వచ్చే జూలై నుంచి సెప్టెంబరు వరకూ ఏటి నీటిలో ఉప్పు తగ్గిపోతుంది. ఎర్రటి ఒండ్రు కలిసి వస్తుంది. ఆ నీరు నేరుగా పెడితే మొదటి రోజే అడుగున ఒండ్రు పొర పడుతుంది. రిజర్వాయరు చెరువులో నాలుగైదు రోజులు నిలిపి, పైనీరు తేరాక, సన్నటి వలసంచి కట్టి చెరువులోకి తీసుకోండి. వలసంచి పీతల్ని, పిచ్చి రొయ్యల్ని కూడా ఆపుతుంది. తెల్లమచ్చ వైరసును మోసుకొచ్చేవి అవే. 1994-95లో టైగరు రొయ్యను తుడిచిపెట్టిన జబ్బు అదే. 2009లో వెనామీకి అనుమతి వచ్చాక కూడా అది మనల్ని వదలలేదు.

ఏరియేటర్లు ఎన్ని? ఎక్కడ?

ఎకరానికి చదరపు మీటరుకి 30 చొప్పున వేస్తే సుమారు లక్షా 20 వేల పిల్ల. నూటికి 80 బతికి 50 కౌంటుకి వస్తే 1,900 కిలోల పైచిలుకు రొయ్య. ఒక హార్స్ పవర్ ఏరియేటరు సుమారు 500 కిలోల రొయ్యకి సరిపోతుందని లెక్క. అంటే పంట చివరికి మీకు నాలుగు హార్స్ పవర్లు కావాలి. రెండు హార్స్ పవర్ల యంత్రాలు రెండు పెట్టవచ్చు. ఒక హార్స్ పవర్‌వి నాలుగు పెడితే నీరు ఇంకా సమంగా తిరుగుతుంది. కరెంటు పోతే నడపడానికి జనరేటరు సిద్ధంగా ఉండాలి. తెల్లవారుజామున ప్రాణవాయువు లీటరుకి 3 మిల్లీగ్రాముల కంటే దిగితే రొయ్య తట్టుకోలేదు. 4కి పైన ఉంచాలి.

పెట్టే తీరు ఇది:

• అన్ని యంత్రాలూ ఒకే దిక్కుగా నీటిని తోయాలి. ఒకటి అటు, ఒకటి ఇటు పెడితే రెండు ప్రవాహాలు ఢీకొని నడుమ చోటల్లా చెత్త దిగుతుంది.

• గట్టు అడుగు నుంచి 10, 15 అడుగుల లోపలికి ఉంచండి. మరీ దగ్గరైతే గట్టు కోస్తుంది. మరీ లోపలికైతే అంచు నీరు కదలదు.

• నీటి లోతు నాలుగు, నాలుగున్నర అడుగులకి తగ్గనివ్వకండి. లోతు తక్కువైతే తెడ్డు దెబ్బకి అడుగు మట్టి లేస్తుంది.

• విసురు నేరుగా తగిలే గట్టు భాగానికి ఇసుక బస్తాలో, పాత టార్పాలినో కప్పండి.

ఇది కుదిరిందో లేదో చూడటం సులువు. గుప్పెడు వరిగడ్డి నీటి మీద వేసి గట్టు మీద నిలబడండి. గడ్డి చెరువు చుట్టూ తిరిగి వస్తే సరే. ఒక మూల ఆగిపోతే అక్కడ నీరు చచ్చినట్టే. యంత్రం కోణం మార్చి మళ్ళీ వేయండి. పిల్ల వదలకముందే ఈ పని పూర్తి చేయాలి.

మొదటి నెల యంత్రాలన్నీ రాత్రింబవళ్ళు తిప్పక్కర్లేదు. పిల్ల చిన్నది, బరువు తక్కువ. పగలు నాచు ప్రాణవాయువు ఇస్తుంది. రాత్రి, తెల్లవారుజామున నడిపితే చాలు. కొత్త చెరువులో మొదటి రోజు నుంచీ అన్నీ తిప్పితే మట్టి లేచి నీరు బురదవుతుంది. వెలుతురు దిగదు, నీటికి రంగు కట్టదు. రంగు కట్టని నీటిలో అడుగునే గడ్డి నాచు మొలుస్తుంది.

మేత శుభ్రమైన చోటే

నీటి విసురుకి అంచు వెంట నేల గట్టిగా, శుభ్రంగా ఉంటుంది. మేత అక్కడే చల్లండి. మధ్య కుప్ప మీద పడిన మేత రొయ్యకి దక్కదు. మేత వేసేటప్పుడు యంత్రాలు ఆపకపోతే అది కూడా కొట్టుకుపోయి మధ్యకే చేరుతుంది. మేత తిన్నాక తిరిగి వేయడం మరిచిపోకండి.

వారానికొకసారి అడుగు మట్టి తీసి చూడండి. పైపొర గోధుమ రంగులో ఉండి కింద నలుపు కనిపిస్తే భయం లేదు. పైపొరే నల్లబడి వాసన వస్తే మేత తగ్గించి, రాత్రిపూట యంత్రాలు పెంచండి. మధ్యన తూము గొట్టం ఉన్నవారు దాని ద్వారా బురదనీరు కొంచెం కొంచెంగా బయటికి వదలాలి. పంట నడుస్తుండగా బురదను కలబెట్టడం మాత్రం ఎప్పుడూ వద్దు. అందులోని విషవాయువు ఒక్కసారిగా నీటిలోకి వస్తుంది.

అక్టోబరు, నవంబరు వానల్లో మరో మాట. వాననీరు తేలిక, ఉప్పునీరు బరువు. వాననీరు పైన తేలి, కింది నీటికి గాలి తగలనివ్వదు. తూము పై పలకలు తీసి ముందు వాననీటిని పోనివ్వండి. ఆ తర్వాత యంత్రాలు వేసి కలపండి.

పట్టుబడి అయ్యాక

మొదటి పట్టుబడి తర్వాత నేలని బీటలు వారే దాకా ఎండబెట్టండి. మధ్యలోని మట్టి ఎండి వాసన పోయాక, కోత పడిన చోట్లకి తిరిగి వేసి తొక్కించవచ్చు. పచ్చి బురదను గట్టు లోపలి వైపు పోయకండి, వానకి మళ్ళీ చెరువులోకే దిగుతుంది. మురుగునీటిని వేరే గుంటలో నిలిపి, తేరాకే డ్రెయినులోకి వదలండి. పంట కాలువలోకి ఎప్పుడూ వదలకూడదు. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు దాకా వెళ్ళిన తగాదాల్లో ఇలాంటి ఉప్పునీటి మాట కూడా ఉంది. మీ డ్రెయిను నీరే దిగువ రైతు తోడుకునే నీరు. అతని చెరువుకి జబ్బు వస్తే రేపు పోటుకి అదే నీరు మీ తూము దగ్గరికి వస్తుంది.

చిన్న రైతుకి ఒక పంట పోతే లీజు, మేత బాకీ రెండూ మిగులుతాయి. వెదురు కర్రకీ, గుప్పెడు గడ్డికీ ఖర్చు లేదు. ఈ రెండూ మీ గట్టు మీద ఉంచుకుని వారానికొక్కసారి చూసుకోండి.