గడ్డకట్టిన లేక్ మీద చేపల వేట: అడుగు పెట్టే ముందు ఇవి చూసుకోండి

ఈ వారం ఎపిసోడ్ వినడానికి టైం దొరకనివాళ్ళ కోసం ముఖ్యమైన విషయాలు ఇక్కడ రాస్తున్నా. విన్నవాళ్ళు కూడా ఒకసారి చదివి రూమ్మేట్స్‌కి పంపండి.

చలి ముదిరితే చాలు, ఇక్కడ మానిటోబాలో సైట్ మీద లోకల్ వాళ్ళు "ఆదివారం ఐస్ ఫిషింగ్‌కి వస్తావా?" అని పిలుస్తారు. విన్నిపెగ్ లేక్ పికరెల్ చేపకి పేరు. పులుసు గుర్తొచ్చి మనవాళ్ళూ బయల్దేరతారు. లైసెన్స్ తీసుకుని వెళ్ళండి, నేను వద్దనను. కానీ ఊరి చెరువులో నేర్చుకున్న ఈతని మాత్రం నమ్ముకోవద్దు.

ఎంత మందం ఉండాలి?

స్లాబ్ పోసిన మర్నాడే సెంట్రింగ్ ఊడదీయం కదా. ఐస్ కూడా పైకి గట్టిగా కనిపిస్తే సరిపోదు. కెనడా రెడ్‌క్రాస్ లెక్క ప్రకారం ఒక్కరు నడవాలంటే 15 సెంటీమీటర్లు, గుంపుగా అయితే 20, స్నోమొబైల్‌కి 25 ఉండాలి. ఇది గట్టి, తేటగా ఉండే ఐస్‌కి. స్నో కలిసి తెల్లగా గడ్డకట్టిన ఐస్‌కి బలం సగమే, అందుకని మందం రెట్టింపు కావాలి.

స్లాబ్‌కి డ్రాయింగ్ ఉంటుంది, అంతటా ఒకే మందం. లేక్‌కి డ్రాయింగ్ లేదు. వాగు కలిసే చోట, బ్రిడ్జి స్తంభాల దగ్గర, కింద నీళ్ళు పారే చోట ఐస్ పల్చగా ఉంటుంది. రెడ్ రివర్ లాంటి నదుల మీద ఇంకా జాగ్రత్త. పైన స్నో దుప్పటిలా కప్పేస్తే ఐస్ నెమ్మదిగా పెరుగుతుంది. అందుకే ప్రతి 40, 50 మీటర్లకి ఆగర్‌తో బొక్క వేసి కొలవండి.

నీళ్ళలో పడితే?

మానిటోబా యూనివర్సిటీ ప్రొఫెసర్ గోర్డన్ గీస్‌బ్రెక్ట్ చెప్పిన 1-10-1 లెక్క గుర్తుపెట్టుకోండి. మొదటి 1 నిమిషం ఊపిరి ఎగబీలుస్తుంది. కంగారుపడకుండా ఊపిరిని అదుపులోకి తెచ్చుకోవాలి. తర్వాత 10 నిమిషాలే చేతులు కాళ్ళు మాట వింటాయి, బయటపడాల్సింది అప్పుడే. స్పృహ తప్పడానికి సుమారు 1 గంట పడుతుంది. అంటే పడగానే ప్రాణం పోదు, కంగారే ముంచేస్తుంది.

కోటు, బూట్లు విప్పొద్దు. వాటిలో ఉన్న గాలి తేలడానికి సాయం చేస్తుంది. వచ్చిన వైపుకే తిరగండి, ఇందాక మిమ్మల్ని మోసిన ఐస్ అదే. మెడలో వేసుకున్న ఐస్ పిక్స్ గుచ్చి, కాళ్ళు గట్టిగా తన్నుతూ పొట్ట మీద పైకి జారండి. బయటికొచ్చాక లేచి నిలబడకుండా దొర్లుకుంటూ దూరం వెళ్ళండి.

పక్కవాడు పడితే పరుగెత్తుకెళ్ళొద్దు, ఇద్దరూ పోతారు. 911కి ఫోన్ చేసి, దూరంగా పడుకుని తాడు విసరండి. బయటికి తీశాక తడి బట్టలు మార్చండి. మందు మాత్రం పట్టొద్దు, ఒంట్లో వేడి ఇంకా పోతుంది.

టెంట్‌లో హీటర్

గల్ఫ్‌లో చలికి మూసిన గదిలో బొగ్గులు వెలిగించుకుని నిద్రలోనే పోయినవాళ్ళ వార్తలు విన్నాం. ప్రొపేన్ హీటర్‌తోనూ అదే కార్బన్ మోనాక్సైడ్ ప్రమాదం. దానికి వాసన ఉండదు. టెంట్ కిటికీ తెరిచి ఉంచండి, బ్యాటరీ అలారం పెట్టుకోండి. తలనొప్పి, వాంతి వచ్చేలా ఉంటే వెంటనే బయటికి రండి.

ఒంటరిగా వెళ్ళొద్దు. ఎక్కడికెళ్తున్నారో, ఎప్పుడొస్తారో రూమ్‌లో చెప్పండి. లోకల్ వాడు నడుస్తున్నాడని మొహమాటపడి నడవొద్దు. హార్నెస్ లేకుండా పైకెక్కమంటే సైట్‌లో ఏం చెప్తామో, కొలవని ఐస్ మీదికి రమ్మన్నా అదే చెప్పండి.