కంప్యూటరు మేలుకొననినాడు

గ్యాసు పొయ్యి వెలుగకున్నచో సిలిండరు అయిపోయినదా, బర్నరు రంధ్రములు పూడినవా యని మనమే విచారింతుము. కంప్యూటరు మొరాయించినంతనే మాత్రము చేతులు ముడుచుకొని ఇంటి మగవారికొరకో, రిపేరు దుకాణమువానికొరకో ఎదురుచూతుము. మేమును అట్లే యుండెడివారము. మా యింట జరిగిన యొక సంగతి మా యలవాటును మాన్పినది.

2024వ సంవత్సరపు శ్రావణమాసమున నొక శుక్రవారమునాడు పూజ ముగిసిన పిదప అత్తగారు మామగారి గొంతు వినవలెనని కోరిరి. మామగారు స్వర్గస్థులై అప్పటికి మూడేండ్లు. వారు చదివిన భాగవత పద్యములు, నడుమ నడుమ వారి దగ్గు, మంచినీళ్ళు తెమ్మను పిలుపు, సర్వమును మా పాత కంప్యూటరులో తప్ప వేరెచ్చటను లేవు. స్విచ్ నొక్కితిమి. ఫ్యాను తిరిగెను, చిన్న దీపము వెలిగెను. తెర మాత్రము నల్లగనే యుండెను. డబ్బాలోనుండి దీర్ఘమైన కూత యొకటి ఆగి ఆగి వినవచ్చుచుండెను.

పిలువగా వచ్చిన రిపేరు కుర్రవాడు డబ్బా విప్పనైన విప్పక, విండోసు పోయినది, అంతయు ఫార్మాట్ చేయవలెనని తేల్చివేసెను. ఫార్మాట్ అనగా పలకను తుడిచివేయుటయే. అత్తగారి ముఖము చూచి మేము, రేపు కబురు చేయుదుమని అతనిని పంపివేసితిమి.

నాటకమున నాయకుడు ప్రవేశింపకమునుపే పూర్వరంగము నడచును గదా. వాద్యములను యథాస్థానములనుంచు ప్రత్యాహారము అందులో మొదటి యంగము. కంప్యూటరునకును ఇట్టి పూర్వరంగమే కలదు. విద్యుత్తు అందగానే మేలుకొనునది విండోసు కాదు. మదర్ బోర్డునందు స్థిరముగా నుంచబడిన బయాస్ అను చిన్న ప్రోగ్రాము. 1981లో వెలువడిన ఐ.బి.యం. పర్సనల్ కంప్యూటరులోను ఇది యుండెను. నేటి యంత్రములలో యు.ఇ.ఎఫ్.ఐ. అనునది దాని పని చేయుచున్నది. ర్యాము ఉన్నదా, బొమ్మ చూపు భాగము ఉన్నదా, కీబోర్డు ఉన్నదా యని ఇది పరీక్షించి, ఆ పిమ్మటనే హార్డ్ డిస్కునొద్దకు పోయి విండోసును పిలుచును. తెర వెలుగకమునుపే లోపము కనబడినచో అక్షరములతో చెప్పజాలదు గనుక కూతలతో చెప్పును. కూతల లెక్క ఒక్కొక్క తయారీదారునకు ఒక్కొక్క తీరుగా నుండును. బీరువాలో దాచిన మా కంప్యూటరు పుస్తకము తీసి చూడగా, దీర్ఘమైన కూత మరల మరల వచ్చినచో ర్యాము దోషమని యుండెను. విండోసు ఇంకను రంగమునకే రాలేదు. రానివానిపై నేరము మోపుట యెట్లు?

మావారు బడినుండి వచ్చిన పిదప పనికి పూనుకొంటిమి. ముందుగా గోడనుండి ప్లగ్గు పీకి, స్విచ్చును కొన్ని క్షణములు నొక్కిపట్టి యుంచితిమి. మిగిలిన విద్యుత్తు అందువలన పోవును. పట్టుచీర విడిచి నూలుచీర కట్టితిమి. ఇది మడి పట్టింపు కాదు. పట్టు రాపిడివలన దేహమున చేరు విద్యుత్తు లోపలి సున్నితపు భాగములను చెరుపగలదు. ఆ కారణముననే డబ్బా యినుప చట్రమును వట్టి చేతితో తాకి, పిదప లోపల చేయి పెట్టవలెను. గోడ తీగ వచ్చి చేరు యినుప పెట్టెను మాత్రము ఎన్నడును విప్పరాదు. ప్లగ్గు పీకినను దానిలో ప్రాణాపాయకరమైన విద్యుత్తు కొంతసేపు నిలిచియుండును.

లోపల దుమ్ము దూదివలె పేరుకొని యుండెను. ర్యాము అనునది బంగారువన్నె పండ్ల వరుసగల సన్నని పలక. రెండు కొసల కొక్కెములు తొలగించి దానిని పైకి తీసి, పండ్లను పొడి నూలుగుడ్డతో మెల్లగా తుడిచి, మరల రెండు బొటనవ్రేళ్ళతో సమముగా నొక్కగా కొక్కెములు టక్కున పడెను. స్విచ్ వేయగా తెర వెలిగెను!

సంతోషము నిముషమైన నిలువలేదు. తేదీ 2014 జనవరి అని చూపెను. మదర్ బోర్డుపై రూపాయి బిళ్ళవంటి సి.ఆర్. 2032 అను 3 వోల్టుల బ్యాటరీ యొకటి యుండును. కరెంటు లేనివేళ గడియారమును నడుపునది అదియే. అది చచ్చిపోయినది. ఆ వెనుకనే, విండోసు గల డిస్కు కనబడలేదని ఇంకొక వాక్యము. మాకు గుండె జారెను. అప్పుడు మా అమ్మాయి, అమ్మా, ముందర అదేమిటని చూపినది. మావారి ప్రశ్నపత్రముల పెన్ డ్రైవు! బ్యాటరీ పోవుటచే ఏ డిస్కును ముందు చూడవలెనో యంత్రము మరచి, పెన్ డ్రైవును పట్టుకొని కూర్చున్నది. దానిని పీకి మరల స్విచ్ వేయగా విండోసు వచ్చెను. మావారు ఆ రాత్రి చాలసేపు మాటలాడలేదు.

నిజముగా విండోసే చెడినను ఫార్మాట్ కడపటి మందు. సేఫ్ మోడ్, స్టార్టప్ రిపేర్ అను ఉపాయములు ముందు కలవు. అవి ఫలింపనిచో డిస్కును విప్పి వేరొక కంప్యూటరునకు తగిలించి మన వస్తువులను కాపీ చేసికొనవచ్చును. అయితే క్రొత్త యంత్రములు పెక్కింటిలో డిస్కునకు బిట్ లాకర్ అను తాళముండును. 48 అంకెల తాళపుచెవి లేనిదే తెరువబడదు. దానిని ఇప్పుడే వెదకి కాగితముపై వ్రాసి నగల పెట్టెలో పెట్టుకొనుడు. డిస్కే టకటకమని కొట్టుకొనుచున్నచో మరల మరల స్విచ్ వేసి చూడక, కట్టివేసి నేర్పరికి అప్పగింపవలెను.

ఆ రాత్రి భోజనములకు లేవకమునుపే మామగారి పద్యములను మావారి ఫోనులోనికిని, రెండు పెన్ డ్రైవులలోనికిని ఎక్కించితిమి. ఒకటి మా ఆడుబిడ్డ యింట నున్నది. కార్తికమాసమున ఆ హార్డ్ డిస్కు నిజముగనే చెడిపోయెను. అత్తగారు ఇప్పుడు ఫోనులో వినుచున్నారు. మంచినీళ్ళు తెమ్మను చోట ఇప్పటికిని లేవబోయి, మరల కూర్చుందురు.