చప్పట్లు సరే, ఆట చూశామా?

2024లో పారిస్ ఒలింపిక్స్ నుంచి మనవాళ్లు తెచ్చిన పతకాలు 6. అందులో బంగారం ఒక్కటీ లేదు. నెల తిరగకుండానే అదే నగరంలో పారాలింపిక్స్ జరిగితే 84 మంది వెళ్లి 29 పతకాలు తెచ్చారు. అందులో 7 బంగారాలు, 9 రజతాలు, 13 కాంస్యాలు. 2016 రియో దాకా అన్ని పారాలింపిక్స్‌లో కలిపి మన దేశానికి వచ్చినవి 12 మాత్రమే అని గుర్తుపెట్టుకుంటే, ఇది ఎంత పెద్ద ముందంజో అర్థమవుతుంది. అయినా మచిలీపట్నం కోనేరు సెంటర్‌లో టీ తాగుతూ ఆటల గురించి గంటలకొద్దీ వాదించుకునేవాళ్ల మాటల్లోకి ఈ 29 ఎందుకో రావు. నీరజ్ చోప్రా ఈటె ఎంత దూరం పడిందో చెప్పగలిగే మనిషి కూడా పారా క్రీడల దగ్గరికి వచ్చేసరికి ‘పాపం, ఎంత కష్టపడ్డారో’ అని ఊరుకుంటాడు. ఆ మాటలో చెడు ఉద్దేశం లేదు. కానీ పారా క్రీడాకారుల పట్ల మన వైఖరిలో ఉన్న లోటంతా ఆ మాటలోనే ఉంది. మనం వాళ్ల శరీరాన్ని చూసి కరిగిపోతున్నాం, విజయాన్ని చూసి అబ్బురపడుతున్నాం. వాళ్లు ఆడిన ఆటను మాత్రం చూడటం లేదు.

ఆ 29లో ఒక కాంస్యం తెలుగమ్మాయిది. వరంగల్ జిల్లా కల్లెడకు చెందిన జీవంజి దీప్తి టీ20 విభాగంలో, అంటే మేధోపరమైన వైకల్యం ఉన్నవారి విభాగంలో, 400 మీటర్లు పరిగెత్తి సాధించింది. ఆమె గురించి మనం చదివిందంతా ఏమిటి? సూర్యగ్రహణం నాడు పుట్టిందని, గ్రహణం మొర్రితో పుట్టిందని, ఊళ్లోవాళ్లు వెక్కిరించారని, అనాథాశ్రమంలో వదిలేయమని సలహా ఇచ్చినవాళ్లూ ఉన్నారని, ఇల్లు గడవక ఉన్న కాస్త పొలమూ అమ్ముకున్నారని. ఇవి తల్లిదండ్రులు స్వయంగా చెప్పిన సంగతులే, చెప్పవలసినవే. కానీ పరుగు సంగతి? 2024 మే 20న జపాన్‌లోని కోబేలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్ ఫైనల్‌ను దీప్తి 55.07 సెకన్లలో ముగించింది. అమెరికా రన్నర్ బ్రియానా క్లార్క్ పేరిట ఉన్న 55.12 ప్రపంచ రికార్డు చెరిగిపోయింది. మూడున్నర నెలలకు పారిస్ హీట్స్‌లో టర్కీ అమ్మాయి ఐసెల్ ఓండెర్ 54.96తో ఆ రికార్డును లాగేసుకుంది. సెప్టెంబరు 3న ఫైనల్‌లో ఉక్రెయిన్‌కు చెందిన యూలియా షులియార్ 55.16, ఓండెర్ 55.23, దీప్తి 55.82. అంటే కోబేలో పరిగెత్తిన పరుగే పారిస్‌లోనూ పరిగెత్తి ఉంటే బంగారం మన అమ్మాయిదే. ముక్కాలు సెకను ఎక్కడ పోయింది? ఆరంభంలోనా, వంపులోనా, చివరి వంద మీటర్లలోనా? ఒక క్రికెటర్ విషయంలో అయితే ఈ ప్రశ్న మీద వారం రోజులు చర్చ నడిచేది. దీప్తి విషయంలో అడిగినవాళ్లు కనబడరు, ఎందుకంటే మన దృష్టిలో ఆమె కథ పతకంతో ముగిసిపోయింది. అప్పట్లో ఆమెకు శిక్షణ ఇచ్చిన నాగపురి రమేశ్‌కు మాత్రం ఆ ప్రశ్న పతకంతోనే మొదలై ఉంటుంది.

జాలి, అబ్బురం రెండూ వేరువేరని మనం అనుకుంటాం. జాలి తక్కువ చేస్తుంది, అబ్బురం ఆకాశానికెత్తుతుంది కదా అని. నిజానికి రెండూ ఒకే పని చేస్తాయి, మనిషిని పోటీలోంచి పక్కకు తప్పిస్తాయి. ఏటా డిసెంబరు 3న దివ్యాంగుల దినోత్సవం వస్తుంది. అంతకు ముందే జిల్లాల్లో ట్రైసైకిల్ పందేలు, పరుగు, షాట్‌పుట్, చదరంగం, క్యారమ్స్ పెడతారు. ఆ రోజు వేదిక మీద శాలువాలు, జ్ఞాపికలు, ఉపన్యాసాలు. ‘వైకల్యం శరీరానికే, మనసుకు కాదు’ అన్న మాట ఏ వక్తా వదిలిపెట్టడు. మర్నాడు పేపర్లో అతిథుల పేర్లు వరుసగా ఉంటాయి. గెలిచినవాడు ఎన్ని సెకన్లలో పరిగెత్తాడో, గుండు ఎన్ని మీటర్లు పడిందో ఉండటం అరుదు. వేదికకు మెట్లు మాత్రమే ఉండి, చక్రాల కుర్చీలో ఉన్న విజేతకు కిందనే దండ వేసే సందర్భాలూ లేకపోలేదు. కొలత లేని పోటీకి విలువ ఏముంటుంది? దాన్ని పోటీ అనడం కన్నా సత్కార సభ అనడం న్యాయం.

మన ప్రాంతానికి ఆట చూసే కన్ను లేక కాదు. కూచిపూడి ఉన్న నేల ఇది; కాలు తాళం తప్పితే ముందు వరుసలో కూర్చున్న పెద్దాయన కనుబొమ ముడిపడుతుంది. గుడివాడలో సంక్రాంతికి జరిగే ఎడ్ల బండలాగుడు పోటీలనే చూడండి. పాలపళ్ల జత ఒక విభాగం, రెండు పళ్లది ఒకటి, నాలుగు పళ్లది ఒకటి, ఆరు పళ్లది ఒకటి, ఆపైన సీనియర్స్. నిర్ణీత సమయంలో బండను ఎన్ని అడుగులు లాగాయన్నదే లెక్క. రెండు పళ్ల జత గెలిస్తే, సీనియర్స్‌తో పోటీ పడి గెలవలేదు కదా అని పెదవి విరిచేవాడు ఆ జనంలో ఉండడు. సమానుల మధ్య జరిగితేనే పోటీ రక్తి కడుతుందని అందరికీ తెలుసు. మనుషుల్ని ఎడ్లతో పోల్చడం కాదిది, చూసేవారి న్యాయబుద్ధి గురించి చెప్పడం. పారా క్రీడల్లో టీ20, ఎఫ్40, పీఆర్3 అంటూ కనిపించే అక్షరాలూ అంకెలూ చేసే పని అదే. అక్షరం ఆట రకాన్ని చెబుతుంది, అంకె వైకల్యం ఏ రకమో, ఎంతో చెబుతుంది. టీ అంటే ట్రాక్, ఎఫ్ అంటే ఫీల్డ్, పీఆర్ అంటే రోయింగ్. ఇంతమాత్రం తెలిస్తే చాలు, అంతవరకు గందరగోళంగా కనిపించిన పోటీల పట్టిక అర్థమవడం మొదలవుతుంది.

అంధుల క్రికెట్ ఇందుకు ఇంకా దగ్గరి ఉదాహరణ, ఎందుకంటే క్రికెట్ తెలియని ఊరు కృష్ణా డెల్టాలో లేదు. బంతి గట్టి ప్లాస్టిక్‌ది, లోపల బేరింగ్ గుళ్లుంటాయి, దొర్లితే గలగలమంటుంది. బౌలర్ ‘రెడీ?’ అని అడగాలి, బ్యాటర్ ‘ఎస్’ అన్నాక ‘ప్లే’ అంటూ చేతిని కింది నుంచి ఊపి వదలాలి. పిచ్ సగం దాటేలోపు బంతి ఒక్కసారైనా నేలను తాకాలి. పదకొండు మందిలో కనీసం నలుగురు పూర్తిగా చూపు లేనివారు, అంటే బీ1 ఆటగాళ్లు ఉండాలి. వాళ్లు కొట్టిన పరుగు రెండుగా లెక్క, ఒకసారి నేలను తాకిన బంతిని వాళ్లు పట్టుకున్నా క్యాచే. ఇప్పుడు కెప్టెన్ బుర్ర ఎలా పనిచేయాలో ఊహించండి. రెట్టింపు పరుగుల కోసం బీ1 బ్యాటర్‌ను ఎప్పుడు దింపాలి, చెవి చురుగ్గా ఉన్న ఫీల్డర్‌ను స్వీప్ షాట్ వెళ్లే దిక్కులో ఎక్కడ నిలబెట్టాలి? ఈ లెక్కల్లో ఆరితేరినవాడు పల్నాడు ప్రాంతంలోని గురజాలకు చెందిన ఇల్లూరి అజయ్ కుమార్ రెడ్డి. ఆయన నాయకత్వంలోనే 2018 జనవరిలో షార్జాలో జరిగిన ప్రపంచకప్ ఫైనల్‌లో పాకిస్తాన్ పెట్టిన 308 పరుగుల లక్ష్యాన్ని భారత్ 2 వికెట్లు మిగిలి ఉండగా ఛేదించింది. 2023కు గాను అర్జున అవార్డు కూడా ఆయనకు వచ్చింది. పాకిస్తాన్ మీద, ఫైనల్‌లో, చివరి దాకా ఉత్కంఠతో నెగ్గిన ఆ మ్యాచ్ మామూలు క్రికెట్‌లో అయితే పిల్లలకు కూడా నోటికి వచ్చేది.

ఈ వాదనకు ఎదురయ్యే మొదటి అభ్యంతరాన్ని కొట్టిపారేయలేం. పారా క్రీడల్లో విభాగాలు ఎక్కువ, ఒక్కో విభాగంలో పోటీదారులు తక్కువ, కాబట్టి పతకం తేలిక అంటారు. కొన్ని విభాగాల్లో ఇందులో నిజముంది. మహిళల 400 మీటర్లలో హిమా దాస్ పేరిట ఉన్న జాతీయ రికార్డు 50.79 సెకన్లు. దీప్తి 55.07ను దాని పక్కన పెట్టి రెండూ ఒకటేనని వాదించనక్కర లేదు. కానీ తేలికైన చోట నాలుగు నెలలు తిరక్కుండా ప్రపంచ రికార్డు చేతులు మారదు. అనకాపల్లి జిల్లా నుంచి వెళ్లిన రొంగలి రవి సంగతి చూడండి. పొట్టివారికి కేటాయించిన ఎఫ్40 షాట్‌పుట్‌లో హాంగ్‌జౌ ఆసియా పారా క్రీడల్లో రజతం గెలిచాడు. పారిస్‌లో అంతకన్నా మెరుగ్గా 10.63 మీటర్లు వేశాడు, అది అప్పటికి అతని అత్యుత్తమం. అయినా వచ్చింది ఐదో స్థానం. తన అత్యుత్తమ ప్రదర్శన చేసినవాడికి కూడా పతకం దక్కని చోటును తేలిక అని ఎలా అంటాం? రవిని మనం గుర్తుపెట్టుకోలేదంటే అసలు కారణం ఇదే. అబ్బురానికి పతకం కావాలి, ఐదో స్థానంతో దానికి పనిలేదు. ఆట తెలిసినవాడికి మాత్రం ఐదో స్థానం విలువ తెలుస్తుంది.

రెండో అభ్యంతరం అనుమానం. ‘పరిగెత్తుతున్నాడు కదా, వికలాంగుడెలా అవుతాడు? ఏదో సర్టిఫికెట్ తెచ్చుకుని ఉంటాడు’ అన్న మాట ఊళ్లలో వినబడుతూనే ఉంటుంది. ఈ అనుమానం గాలిలోంచి పుట్టలేదు. 2000 సిడ్నీ పారాలింపిక్స్‌లో మేధోవైకల్యం విభాగం బాస్కెట్‌బాల్ గెలిచిన స్పెయిన్ జట్టులో 12 మందికి 10 మంది ఏ వైకల్యమూ లేనివారని తేలింది. ఆ దెబ్బకు మేధోవైకల్యం ఉన్నవారందరినీ 2012 లండన్ దాకా పారాలింపిక్స్‌లోకి రానివ్వలేదు. మోసం కొందరిది, శిక్ష అందరికీ. టోక్యో పారాలింపిక్స్‌లో మన వినోద్ కుమార్ డిస్కస్‌లో గెలిచిన కాంస్యాన్ని, అతను ఆ విభాగంలోకి రాడని నిర్ణయించి వెనక్కి తీసుకున్నారు. అంటే అక్కడ తనిఖీ మన అనుమానం కన్నా కఠినంగానే ఉంది. మన దగ్గర సమస్య ఇంకొకటి. 2024 జూలై నుంచి ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగుల పింఛను నెలకు రూ. 6,000 అయింది, మంచానికే పరిమితమైనవారికి రూ. 15,000. 2025లో ప్రభుత్వం వైకల్యాన్ని నిర్ధారించే సదరం ధ్రువపత్రాలను మళ్లీ తనిఖీ చేయించింది. అనర్హులను ఏరివేయడం తప్పు కాదు. కానీ ఆ వాతావరణంలో ఒక కుర్రాడు మైదానంలోకి దిగి పరిగెత్తితే, చూసినవాళ్లు ‘వీడికి పింఛను ఎందుకు’ అంటారేమోనని ఇంట్లోవాళ్లే వద్దంటే ఆశ్చర్యం లేదు. కదలకుండా కూర్చుంటేనే వికలాంగుడని నమ్మే సమాజం, పరిగెత్తేవాణ్ని అబద్ధాలకోరుగా చూస్తుంది. దీప్తి లాంటివారికి మరీ ఇబ్బంది, ఆమె వైకల్యం పైకి కనబడేది కాదు.

మూడో అభ్యంతరం దయగల మనుషుల నుంచే వస్తుంది. మామూలు దివ్యాంగులకు ట్రైసైకిళ్లు, ఆఫీసులకు ర్యాంపులే దిక్కులేనప్పుడు, ఎక్కడో పతకాలు తెచ్చే నలుగురి గురించి ఇంత గొడవ ఎందుకు అని. ఈ రెండూ వేరని అనుకోవడమే పొరపాటు. నంద్యాల ప్రాంతానికి చెందిన కొంగనపల్లి నారాయణ సైన్యంలో పనిచేస్తూ మందుపాతర పేలి కాలు పోగొట్టుకున్నాడు. ఆ తర్వాత పడవ పందేల్లోకి వచ్చి, అనితతో కలిసి హాంగ్‌జౌలో రజతం గెలిచి, పారిస్‌లో 8వ స్థానంలో నిలిచాడు. ఆ పోటీకి కావలసింది నీళ్లు. నీళ్లకు కొదవ లేనిది దివిసీమ. నాగాయలంక దగ్గర కృష్ణ ఎంత వెడల్పుగా, ఎంత నిదానంగా పారుతుందో చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. అయినా ఒక కాలు లేని కుర్రాడు అక్కడ పడవ ఎక్కాలంటే ముందు గట్టు దిగాలి. వాన పడితే నల్లరేగడి బురదలో చంకకర్ర దిగబడుతుంది. రేవుకు వాలుగా సిమెంటు బాట, పట్టుకోవడానికి కమ్మీ ఉంటే అతను ఛాంపియన్ అవుతాడో లేదో గానీ, చేపలు అమ్ముకునే ముసలమ్మ కూడా జారిపడకుండా దిగుతుంది. పతకానికి దారీ, రోజువారీ బతుకుకు దారీ ఒకటే. 2016 వికలాంగుల హక్కుల చట్టం 30వ సెక్షన్ క్రీడల్లో సమర్థమైన భాగస్వామ్యం కల్పించడం ప్రభుత్వాల బాధ్యత అని చెప్పింది, దానం చేయమని కాదు. ఇప్పుడు జరుగుతున్నది తలకిందులు వ్యవహారం. 2025 నవంబరులో కొలంబోలో తొలి అంధ మహిళల టీ20 క్రికెట్ ప్రపంచకప్ గెలిచిన జట్టు కెప్టెన్ దీపిక మడకశిర ప్రాంతంలోని తన ఊరికి రోడ్డు అడిగితే, ఆ తర్వాత మంజూరైంది. రోడ్డు రావడం సంతోషమే. కానీ ప్రపంచకప్ గెలిచే కూతురు లేని ఊళ్ల సంగతేమిటి?

చివరగా, వాళ్ల కథలు మన పిల్లలకు స్ఫూర్తినిస్తే తప్పేమిటని అడుగుతారు. తప్పేమీ లేదు. స్ఫూర్తి దగ్గరే ఆగిపోవడం తప్పు. కాళ్లున్నవాడి బద్ధకం వదిలించడానికి కాళ్లు లేనివాడు పరిగెత్తడు. తన పక్క వరుసలో ఉన్నవాణ్ని ఓడించడానికి పరిగెత్తుతాడు. మనం చేయగలిగింది కష్టమైన పని కాదు. వచ్చే డిసెంబరులో మచిలీపట్నంలోనో గుడివాడలోనో పోటీలు పెట్టినప్పుడు విభాగాలు సరిగ్గా విడదీసి, స్టాప్‌వాచ్ పట్టుకుని, టేపు పరిచి, సెకన్లూ మీటర్లూ రాసిపెట్టాలి. వాటిని జిల్లా రికార్డులుగా ప్రకటించాలి. విలేకరి అతిథుల పేర్ల కన్నా ముందు ఆ అంకెలు రాయాలి. బాగా ఆడినవాణ్ని పొగిడే స్వేచ్ఛ మనకు ఎలాగూ ఉంది. సరిగ్గా ఆడనివాణ్ని ‘ఈసారి సాధన చాలలేదు’ అనే స్వేచ్ఛ కూడా అప్పుడు వస్తుంది. అలా అనిపించుకోవడం ఏ క్రీడాకారుడికీ అవమానం కాదు, పోటీలో ఉన్నందుకు దక్కే గుర్తింపు. మరుసటి ఏడు ఇంకొక కుర్రాడు వచ్చి ఆ అంకెను చెరిపేయాలని పట్టుబడితే, కృష్ణా డెల్టాలో పారా క్రీడలు మొదలైనట్టు లెక్క.